కాలువ దాటాక పక్క సీటు

డిగ్రీ మూడో సంవత్సరంలో నేను స్నేహాల మీద పరిశోధన చేశాను. అదే సంవత్సరం మా ఊళ్ళో నాతో ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఈత రాని మనిషికి చేపల లెక్క అప్పగించినట్టు ఉండేది నా పని.

మాది బాల్కొండ పక్కన ఊరు. ఊరికి సర్పంచి ఉన్నాడు, పంచాయతీ ఆఫీసు ఉంది. చెల్లే మాట మాత్రం కమిటీది. కులానికో పెద్దమనిషి చొప్పున కూర్చునే ఆ కమిటీ పేరులో అభివృద్ధి అన్న మాట కూడా ఉంటుంది. కొత్తగా కట్టబోయే ఫంక్షన్ హాలుకు బాట కోసం మా చేను అంచు తీసుకుంటామన్నారు. బాపు ఇయ్యనన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ళు గట్టు చెరిపిన తెల్లారి పోలీస్ స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. మా దగ్గర అంతకన్నా పెద్ద తప్పు లేదు. కమిటీతో కొట్లాడొచ్చు, కమిటీ కాళ్ళు పట్టుకోవచ్చు. కమిటీని దాటి ఠాణా మెట్లెక్కడం మాత్రం కుదరదు.

పొద్దు గూకకముందే డప్పు మోగింది. మా ఇంటితో మాట్లాడినా, మా చేన్లోకి కూలికి వచ్చినా, మాకు సరుకు అమ్మినా జుర్మానా. కట్టకపోతే వాళ్ళ ఇంటి మీదా అదే డప్పు. చాటింపు వేసే ఆయన మా వాకిటి ముందుకొచ్చేసరికి గొంతు కాస్త తగ్గించాడు. ఆయన చేయగలిగిన మర్యాద అంతే.

ఆ మరునాటి నుంచి ఊళ్ళో మేము గాలి లెక్క అయిపోయాం. ఉన్నామని అందరికీ తెలుసు, ఎవరికీ కనిపించం. ఉప్పు, సబ్బులు, చాయ్‌పత్తి ఆర్మూర్‌లో కొని నేనే తెచ్చేదాన్ని. నా కాలేజీ బ్యాగు చూసి "మస్తు చదువుతున్నదిరా" అనుకుని ఉంటారు బస్సులోవాళ్ళు. అందులో సగం బరువు కందిపప్పుది. పసుపు తవ్వే రోజులొస్తే కూలోళ్ళు రాలేదు, మేము ముగ్గురమే తవ్వుకున్నాం. పసుపు ఉడికించే ఆవిరి మిషన్ వాళ్ళు రామన్నారు. మూలన బోర్లించి ఉన్న పాత కడాయిని బాపు తోమి పొయ్యికెక్కించాడు. అమ్మ బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది. బర్రెకు జుర్మానా వేయరు కదా.

బాపు మాత్రం ఎవరితోనూ, దేనితోనూ మాట్లాడేవాడు కాదు. ఊరు మాకు వేసిన శిక్షను ఆయన ఇంట్లో మాకు మళ్ళీ వేసినట్టుండేది.

నాకు మిగిలింది ఒక్కతే. ఒకటో తరగతి నుంచి నా దోస్తు. మా ఊరు, మా క్లాసు, మా బస్సు.

డప్పు మోగిన తెల్లారి బస్టాపులో ఆమె నాకు వీపు పెట్టి నిల్చుంది. నాకు కోపం రాలేదు. వాళ్ళ బాపు కౌలుకు పట్టిన చేన్లో పసుపు తవ్వకానికి వచ్చి ఉంది, కూలోళ్ళు ఆగిపోతే ఆ పంట నేలలోనే మురుగుతుంది. బస్సొచ్చింది. ఆమె ముందు కూర్చుంది, నేను వెనక. కండక్టర్ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, అందరికీ అదే టికెట్. అయినా ఆ రోజు నా టికెట్ మీది జీరోను చూస్తే నా ఫోటో చూసుకున్నట్టే అనిపించింది.

ఊరి పొలిమేరలో పెద్ద కాలువ ఉంది. బస్సు కాలువ మీది బ్రిడ్జి దాటింది. ఆమె లేచి నా దగ్గరికొచ్చింది.

"జరుగవే. గుడ్లగూబ లెక్క చూస్తున్నవేంది?"

"నాతోటి మాట్లాడితే మీ బాపుకు జుర్మానా పడ్తది."

"కాలువకు గా దిక్కు పడ్తది. గీ దిక్కు ఆర్మూర్. గీడికి కమిటోళ్ళ డప్పు ఇనబడది."

"ఎవరన్న చూస్తే?"

"చూస్తే చూడని. బస్సుల సీటు దొర్కలే, కూసున్న అంట. సీటుకు గూడ జుర్మానా ఏస్తరా?"

అట్లా మొదలైంది. పోయేటప్పుడు కాలువ దాటాక ఆమె నా పక్కకు వచ్చేది. వచ్చేటప్పుడు కాలువ రాకముందే లేచి ముందుకు పోయి నిల్చునేది. ఊరి మగవాళ్ళు బస్సులో ఉన్న రోజు అసలు లేచేది కాదు. ఆడవాళ్ళే ఉంటే లేచేది, వాళ్ళు కిటికీ బయటికి చూసేవారు. ఆమె వచ్చేదాకా నా పక్క సీటులో బ్యాగు పెట్టి కాపాడటం నా వంతు. ఎవరైనా అడిగితే "మనిషొస్తది" అనేదాన్ని. రోజు మొత్తంలో నేను ధైర్యంగా చెప్పే మాట అదొక్కటే.

మా సోషియాలజీ లెక్చరర్ వేరే జిల్లా మనిషి, వయసులో చిన్నవాడు. పుస్తకాల్లో ఉన్న సమాజం బయట కూడా అట్లాగే ఉంటుందని నమ్మేవాడు. ఊళ్ళో సంఘం బయట, కాలేజీలో సంఘశాస్త్రం లోపల ఉన్న నాకు ఆయనంటే ఇష్టం, కొంచెం జాలి కూడా. ఆ సంవత్సరం ఆయన మా క్లాసు చేత ఒక ప్రాజెక్టు మొదలుపెట్టించాడు. ఎవరు ఎవరితో తిరుగుతారు, ఎవరితో అన్నం పంచుకుంటారు, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు. మనిషికో చుక్క, స్నేహానికో గీత. అంతా కలిపి ఒక పెద్ద చార్టు. దాన్ని సోషియోగ్రామ్ అంటారన్నాడు. అందులో గ్రామం కూడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

"పేర్లుండవు. నంబర్లే. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు సార్.

చేతిరాత బాగుంటుందని నన్ను నలుగురి బృందంలో వేశారు. ఇంట్లో చెప్తే అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "శోధనంటే ఎరికే బిడ్డా, రోజూ పడుతనే ఉన్నం. గీ పరిశోధన ఏంది?" అంది.

"పక్కోళ్ళ శోధన మనం రాసుకునుడు."

"గట్లయితే మన ఊరోళ్ళంత చేసినోళ్ళే."

అప్పుడు బాపు నవ్వాడు. డప్పు తర్వాత ఆయన నవ్వగా చూసింది అదే.

క్లాసులో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగేవాళ్ళం. మాక్లూర్ నుంచి వచ్చే ఒకడు, "రాస్కో. బండి ఉన్నోళ్ళందరు నా దోస్తులే. పెట్రోల్ అయిపోయిందాంక" అన్నాడు. ఒకమ్మాయి తన మూడు నంబర్లూ చెప్పి, వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"నేను దాన్ని చెప్పిన గదా. అది నన్ను చెప్పిందా? జర చెప్పవే."

"చెప్పొద్దు. పరిశోధన నియమం."

"నియమమా, నిమ్మకాయనా! ఒక్క ముచ్చట చెప్తే నీ సొమ్మేం పోతది?"

ఆమె అడిగిన మనిషి ఆమెను చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఊళ్ళో నాకు తెలియనివన్నీ పదిమందికి తెలిసేవి. ఇక్కడ పదిమందివీ నాకు తెలుసు. ఆ తేడా కొన్నాళ్ళు నన్ను పెద్దమనిషిని చేసింది. కమిటీలో కూర్చుంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకుని సిగ్గుపడ్డాను.

నా దోస్తును నేనే అడగాల్సి వచ్చింది. గంభీరంగా పెన్ను పట్టుకున్నాను.

"కష్టమొస్తే ఎవలకు ఫోన్ చేస్తవు?"

"నీకే. నువ్వేమో ఎత్తవు, ఎడ్డిదానివి."

"నిజంగ చెప్పు, రాయాలె."

"రాయి మరి. నీ నంబరే రాయి." గొంతు తగ్గించి అంది: "ఊర్ల ఎట్లాగూ లేదు. గీడనన్న రాసి ఉండని."

మూడు ప్రశ్నలకూ నేను చెప్పింది కూడా ఆమె నంబరే. చార్టు గీసేటప్పుడు మా రెండు చుక్కల మధ్య ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి, రెండు కొసలకూ బాణాలు పెట్టాను. స్కేలును అవసరం కంటే గట్టిగా అదిమి పట్టినట్టున్నాను, వేళ్ళ మీద గుర్తు పడింది. క్లాసంతటికీ గీసిన గీతల్లో అంత తిన్ననిది ఇంకొకటి లేదు.

చార్టు చూపించే రోజుకు ముందు రెండు రోజులు నేను కాలేజీకి పోలేదు. ఇంట్లో పసుపు ఉడుకుతోంది. కడాయి దగ్గర మూడో మనిషి లేకపోతే నడవదు. ఆ రెండు రోజుల్లో సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఒక ఊరివాళ్ళు ఒకరితో ఒకరు ఎక్కువగా కలుస్తారా, ఊరు దాటి కలుస్తారా అని చూపిస్తే బాగుంటుంది కదా అని. మిగతా ముగ్గురూ కూర్చుని ఊరికో రంగు చొప్పున చుక్కలకు రంగులు వేశారు. ఏ రంగు ఏ ఊరో కింద మూలన పెద్ద అక్షరాలతో రాశారు. పచ్చ రంగు మా ఊరిది. క్లాసులో పచ్చ చుక్కలు రెండే.

అది నేను చూసింది ఆ పొద్దున, హాల్లో చార్టు గోడకెక్కాక. అప్పటికి కుర్చీలు నిండాయి. సార్ దగ్గరికి పోయి ఏదో ఒకటి చెప్పి దించేద్దామనుకుంటుండగానే ప్రిన్సిపాల్ గారు ముఖ్య అతిథిని తీసుకొచ్చారు. కాలేజీకి కొత్తగా వాటర్ కూలర్ ఇచ్చిన దాత. కూలర్ మీద నల్లా కన్నా ఆయన పేరే పెద్దగా ఉంటుంది. దాత ఎవరో కాదు, మా ఊరి కమిటీ చైర్మన్.

నా దోస్తు మూడో వరుసలో ఉంది. తల దించుకుంది.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం చెప్పానో పెద్దగా గుర్తులేదు. ఒకే బస్సులో వచ్చేవాళ్ళు దోస్తులవుతారనీ, ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళు ఎక్కువ రోజులు కలిసుంటారనీ చెప్పినట్టున్నాను. సార్ వెనక నుంచి తల ఊపుతున్నాడు. నేను చార్టుకు అడ్డంగా నిలబడాలని చూశాను. నా ఒళ్ళు చార్టంత లేదు. జీవితంలో మొదటిసారి లావుగా ఉంటే బాగుండును అనుకున్నాను.

చప్పట్లయ్యాక చైర్మన్ లేచి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చార్టు దగ్గరికొచ్చి మూలన ఊళ్ళ పేర్లు చదివాడు. తర్వాత వేలితో పచ్చ చుక్కలు వెతికాడు. నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. నన్ను చూడలేదు. సార్ వైపు తిరిగాడు.

"సార్, మా ఊరివి రెండు చుక్కలున్నయి. గా నడుమ ఎర్రగీత ఏందో గా పిల్లను అడుగుండ్రి."

సార్‌కు అర్థం కాలేదు. "పక్కనే ఉంది కదండీ, మీరే అడగండి."

"మీరు అడుగుండ్రి సార్."

కారణం నాకు తెలుసు, నా దోస్తుకు తెలుసు. నాతో మాట్లాడితే చైర్మన్‌కైనా జుర్మానాయే. తను పెట్టిన కట్టును తను తప్పకూడదు. ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. అందరికన్నా నిష్ఠగా పాటించాడు.

సార్ నవ్వుతూ నావైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఆ గీత ఏమిటో సార్‌కు చెప్పు. మన చార్టులో బలమైన స్నేహం అదే కదా."

చైర్మన్ ఇంకా చార్టునే చూస్తున్నాడు. "గట్లనా" అన్నాడు.

గీత ఉన్నదని ఒప్పుకుంటే సాయంత్రానికి వాళ్ళ ఇంటి ముందు డప్పు. తవ్వి కుప్ప పోసిన పసుపు అట్లాగే చేన్లో. మూడో వరుస వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆమె నన్నే చూస్తోంది.

"తప్పు పడ్డది సార్" అన్నాను. నేనూ సార్‌తోనే అన్నాను. "గా గీత తప్పు. వేరే నంబరుకు గీయాల్సింది, గీడ గీసిన. మేమిద్దరం మాట్లాడుకోము."

"మూడుసార్లు సరిచూశామన్నావు కదమ్మా?"

"కంట పడలే సార్."

సార్ ముఖం చిన్నబోయింది. టేబుల్ మీది వైట్నర్ తీసి నా చేతికిచ్చాడు. హాల్లో అందరూ చూస్తుండగా ఆ గీతను ఈ కొస నుంచి ఆ కొసదాకా పూశాను. తిన్నని గీత కావడం వల్ల చెరపడం కూడా సులువే అయింది. ఎరుపు కింది నుంచి గులాబీ రంగులో కొంచెం కనిపిస్తుంటే ఇంకొక పూత వేశాను. అప్పుడు సార్, పాఠం మధ్యలో ఉన్న మనిషి కాబట్టి, నా చుక్క మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈ గీత పోతే చూడండి, ఈ చుక్కకు ఒక్క గీతా మిగలలేదు. ఇలాంటివాళ్ళను ఒంటరి చుక్కలంటారు."

"పాపం" అన్నాడు చైర్మన్. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత శాలువా కప్పారు, ఆయనకు.

సాయంత్రం ఆర్మూర్ బస్టాండులో ఆమె నా దగ్గరికొచ్చింది. ఊరివాళ్ళెవరూ లేరు. రోడ్డు వైపు తిరిగి నిల్చుంది.

"మంచిగ చెప్పినవ్" అంది.

"ఏం చేయాలెనే మరి? మీ పసుపు..."

"ఎరికే. మంచిగనే చెప్పినవ్. గంత మంచిగ చెప్పినవంటే, నేను గూడ నమ్మిన."

బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చుని పక్కన బ్యాగు పెట్టాను. ఆర్మూర్ గుట్ట రాళ్ళు వెనక్కిపోయాయి. ఆమె రాలేదు.

తెల్లారి కూడా కాలువ దాటాక రాలేదు. వాళ్ళ చిన్నమ్మ పక్కన కూర్చుని ఉంది. చైర్మన్ ఆమె బాపుతో "పోరి ఎవరి పక్కన కూసుంటున్నదో జర చూస్కో" అన్నాడని తర్వాత తెలిసింది. చిన్నమ్మకు ఆర్మూర్‌లో రోజూ ఏ పని ఉండేదో నాకు తెలియదు. జీరో టికెట్ కాబట్టి కాపలా కూడా ఉచితమే. కొన్నాళ్ళకు చిన్నమ్మ రావడం మానేసింది. ఆమె మాత్రం ముందు సీట్లోనే కూర్చుంది. నేను బ్యాగు తీయలేదు. ఒకరోజు ఒక ముసలమ్మ నిలబడి అడిగింది.

"మనిషొస్తదా బిడ్డా?"

"లేదమ్మా, కూసో" అని బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. బరువనిపించింది. కందిపప్పే.

సార్ ఒకనాడు నన్ను స్టాఫ్ రూముకు పిలిచాడు. "ఆయన నీతో నేరుగా ఎందుకు మాట్లాడలేదు?" అన్నాడు. అంటే గమనించాడు. చెప్పాను. అంతా విని, చేతిలోని పేపర్‌వెయిట్ పక్కన పెట్టాడు.

"మన ప్రాజెక్టులో రాయాల్సింది ఇదే కదమ్మా."

"రాస్తే ఎవరు చదువుతరు సార్?"

"బయటివాళ్ళు."

"ఊర్ల ఉండేది మేము సార్."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చార్టు చుట్టి బీరువా మీద పెట్టారు. తప్పు గీత ఉందన్న కారణంతో మా ప్రాజెక్టును పై పోటీకి పంపలేదు.

పసుపు అంతా మార్కెట్‌కు పోయి చేలు ఖాళీ అయ్యాక బాపు ఓడిపోయాడు. ఎవరో వచ్చి ఒత్తిడి చేసింది లేదు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "బర్రె గూడ పలుకుతలేదు" అని అమ్మ ఊరికే అంది. మరునాడు ఆయన తలకు తువ్వాల చుట్టుకుని కమిటీ ముందుకు పోయాడు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు, చేను అంచు ఇచ్చాడు, జుర్మానా కట్టాడు, చేతులు జోడించాడు. తిరిగొచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మళ్ళీ డప్పు కొట్టారు. ఫలానా ఇంటితో అందరూ మాట్లాడొచ్చు. చాటింపు ఆయన ఈసారి మా వాకిట్లో గొంతు పెంచాడు. మొదట పక్కింటి ఆమె వచ్చింది, పెరుగు తోడుకు. "ఏమొదినా, బాగున్నరా?" అంది, నిన్ననే వచ్చి పోయినట్టు. అమ్మ తోడు ఇచ్చింది. ఆమె వెళ్ళాక కొట్టంలోకి పోయి, బర్రె దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

తెల్లారి బస్టాపులో నా దోస్తు నాకు ఎదురుగా నిల్చుంది.

"బాగున్నవానే?"

"బాగున్న. నువ్వు?"

"బాగున్న."

బస్సొచ్చింది. ఇద్దరం కలిసే ఎక్కాం. ఊళ్ళోనే, అందరూ చూస్తుండగానే ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. కండక్టర్ రెండు జీరో టికెట్లు ఒకేసారి కొట్టి ఇచ్చాడు. కాలువ వచ్చింది, పోయింది. నేను పరీక్షల ఫీజు గురించి అడిగాను, ఆమె చెప్పింది. ఆమె మా అమ్మ ఆరోగ్యం అడిగింది, నేను చెప్పాను. ఆర్మూర్ వచ్చేదాకా ఇంకేమైనా ఉందా అని ఇద్దరం వెతుక్కున్నాం.

సాయంత్రం కూడా పక్కనే కూర్చుంది. కిటికీ పక్కన నేను, ఇవతల ఆమె. బ్రిడ్జి దగ్గర బస్సు నెమ్మదించగానే, అలవాటు కొద్దీ ఆమె బ్యాగు భుజానికి వేసుకుని లేచింది. లేచాక గుర్తొచ్చింది. నావైపు చూసింది. నేను కూర్చో అనాలి. నోటిదాకా వచ్చింది.

ఆమె ముందుకు పోయి, కండక్టర్ పక్కన కడ్డీ పట్టుకుని, ఊరొచ్చేదాకా నిల్చునే ఉంది.